ఫ్రాన్స్ ద్రాక్షతోటల డొంకల్లో సైకిల్: ఆరు ప్రాంతాల్లో మీకు ఏది సరిపోతుంది?

ఫ్రాన్స్‌లో వారం రోజులు సైకిల్ తొక్కాలనుకునేవాళ్లు ఎక్కువగా వైన్ పేరు చూసి ఊరు ఎంచుకుంటారు. బోర్డో పేరు విన్నాం కాబట్టి బోర్డో, షాబ్లీ తాగాం కాబట్టి బుర్గున్యి. అక్కడికి వెళ్లాక తెలుస్తుంది, పేరున్న "వైన్ రోడ్డు" చాలాచోట్ల లారీలూ టూరిస్టు కార్లూ తిరిగే రోడ్డేనని. తొక్కడానికి హాయిగా ఉండే డొంక దానికి ఒకటి రెండు కిలోమీటర్ల పైన, తోటల మధ్య ఉంటుంది. అందుకే ఇక్కడ వైన్ రుచిని పక్కన పెట్టి, దారిని బట్టి ఆరు ప్రాంతాలను పోలుస్తున్నాం.

ముందు ఏం చూసుకోవాలి

మొదటిది వాహనాల రద్దీ. ఫ్రాన్స్‌లో జిల్లా రోడ్లకు "డి" అనే అక్షరం, దాని పక్కన ఒక నంబరు ఉంటాయి. నంబరును బట్టి రోడ్డు పెద్దదా చిన్నదా అన్నది తేలదు. మిషెలిన్ మ్యాపులో రంగు చూడండి. ఎరుపు వద్దు, పసుపు అవసరమైనంత వరకే, తెల్లగా గీసినవే మనవి. రోడ్డు వెంట ఆకుపచ్చ గీత ఉంటే దృశ్యం బాగుంటుందని అర్థం, ప్రశాంతంగా ఉంటుందని కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఊరి బయట రోడ్లపై సాధారణ వేగ పరిమితి గంటకు 80 కి.మీ., కొన్ని జిల్లాల్లో 90. సైకిల్‌ను దాటే కారు ఊరి బయట కనీసం మీటరున్నర, ఊళ్లో మీటరు దూరం వదలాలని చట్టం చెబుతుంది. చాలామంది పాటిస్తారు కూడా.

రెండోది దారి ఉపరితలం: తారు, కాంక్రీటు, గట్టి చేసిన కంకర. మూడోది ఎక్కుడు. నాలుగోది గాలి, ఎండ. ఐదోది రైలు, అంటే అలసిపోయినా వాన పట్టుకున్నా మకాంకు తిరిగి చేరే వీలు. ఈ ఐదోదాన్ని ఎవరూ ముందు లెక్కలోకి తీసుకోరు. అలవాటు లేనివాళ్ల యాత్ర మాత్రం ఎక్కువగా దీని దగ్గరే బెడిసికొడుతుంది.

| ప్రాంతం | దారి | ఎక్కుడు | రైలు | మంచి నెలలు |
|---|---|---|---|---|
| బుర్గున్యి (బోన్ చుట్టూ) | కాంక్రీటు, తారు డొంకలు | కింద కొద్దిగా, వెనక కొండల్లో మధ్యస్థం | చాలా బాగుంది | మే, జూన్, సెప్టెంబరు చివర |
| అల్సాస్ | తారు, ఊళ్లలో రాళ్ల పరుపు | అలలు అలలుగా. వోజ్ కొండల్లోకి పోతే గట్టిగా | చాలా బాగుంది | మే, జూన్, సెప్టెంబరు |
| బోర్డో, ఆంత్ర్-ద-మేర్ | పాత రైలు దారిపై తారు | చాలా తక్కువ | ఒక చివరే | ఏప్రిల్ నుంచి జూన్, సెప్టెంబరు, అక్టోబరు |
| లువార్ (సోమ్యూర్, షినో) | తారు, మధ్యమధ్య కంకర | దాదాపు లేదు | బాగుంది | మే నుంచి సెప్టెంబరు |
| బోజోలె | సన్నటి తారు రోడ్లు | రోజంతా | లోయలో మాత్రమే | మే, జూన్, సెప్టెంబరు |
| దాంతెల్, వాంతూ | తారు | గట్టిగా | పరిమితం | ఏప్రిల్ చివర, మే, సెప్టెంబరు చివర |

బుర్గున్యి: తొలిసారి వెళ్లేవాళ్లకు

ఫ్రాన్స్‌లో ఎప్పుడూ తొక్కనివాళ్లు, రోజుకు 40 నుంచి 60 కి.మీ. తొక్కగలిగితే, బోన్‌లో నాలుగు రాత్రులు మకాం పెట్టడం మంచిది. పారిస్ నుంచి దిజోన్‌కు హైస్పీడు రైలు టీజీవీలో గంటన్నర పైచిలుకు. అక్కడి నుంచి లోకల్ రైలు టీఈఆర్‌లో అరగంట లోపే బోన్ చేరతారు.

బోన్ నుంచి సాంతెనె వరకు "వ్వా దే వీన్యే" అనే గుర్తులు పెట్టిన దారి సుమారు 22 కి.మీ. ఉంటుంది. పొమ్మార్, వొల్నే, మ్యోర్సో, ప్యూలీన్యి-మోంత్రాషే, షాసాన్యి-మోంత్రాషే ఊళ్ల మీదుగా సాగుతుంది. ఈ తోటల వాలును, అందులోని వెయ్యికి పైగా చిన్న చిన్న మళ్ల హద్దులను కలిపి 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. ఆ హద్దు గోడల పక్కనుంచే ఈ దారి పోతుంది. సాంతెనె నుంచి కాలువ గట్టు మీదుగా షాన్యి చేరి, అక్కడ రైలెక్కితే కాసేపట్లో బోన్‌కు తిరిగి రావచ్చు. అంటే తొలిరోజు ఒకవైపు తొక్కితే చాలు.

ఈ దారిలో కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. ఇది సైకిళ్ల కోసమే వేసిన దారి కాదు, తోట పనివాళ్ల దారి. కాంక్రీటు పలకల అతుకుల మధ్య సందు, సన్నటి టైరు వేసుకుంటే ప్రతి నాలుగైదు మీటర్లకీ చేతులకు కొడుతుంది. వాలుగా ఉన్న డొంకల్లో నీళ్లు పోవడానికి నడిమధ్య కాలువలా పల్లంగా వేస్తారు. దాన్ని ఏటవాలుగా దాటితే ముందు చక్రం జారుతుంది, నేరుగా అడ్డంగా దాటాలి. వాన పడిన మర్నాడు తెల్ల సున్నపురాయి చిప్పలు కొట్టుకొచ్చి సరిగ్గా మలుపుల్లో పేరుకుంటాయి. ఇక్కడి మలుపులన్నీ తోట గట్ల ప్రకారం తొంభై డిగ్రీల్లో తిరుగుతాయి. కాబట్టి బ్రేకు మలుపుకు ముందే వేసి, మలుపులో వదిలేయాలి.

ద్రాక్ష వరుసకు అటూ ఇటూ చక్రాలు పెట్టి, వరుస మీదుగా నడిచే పొడుగాటి ట్రాక్టర్లు ఎదురవుతాయి. పైన కూర్చున్న డ్రైవరుకు చక్రం పక్కన ఉన్న సైకిల్ సరిగా కనబడదు. ఆగి గడ్డిలోకి జరగండి. మే నుంచి జూలై వరకు గాలి లేని ఉదయాల్లో తోటలకు మందు కొడతారు. ముందున్న వరుసల్లో తుంపర కనిపిస్తే గాలి ఎటు వీస్తోందో చూసి, వేరే డొంక పట్టుకోవాలి. ఆగస్టు చివర నుంచి సెప్టెంబరు దాకా కోత కాలం. దృశ్యం అద్భుతం, కానీ దారి నిండా బురద, గెలల రసం, వరుసగా బండ్లు.

కాస్త బలమున్నవాళ్లు రెండో రోజు వెనక కొండల్లోకి ఎక్కాలి. ఓసే-ద్యూరెస్ నుంచి సాంరొమాఁ, ఓర్ష్, బోబీన్యి మీదుగా రంగు పెంకుల కోట ఉన్న లా రొష్పో, అక్కడి నుంచి నొలే, తిరిగి సాంతెనె. బోన్ నుంచి బోన్‌కు సుమారు 60 కి.మీ. సముద్రమట్టానికి 400 మీటర్లు దాటిపోతారు. ఓర్ష్ దగ్గర సున్నపురాయి కొండ అంచున రోడ్డు తిరిగే చోట కింద తోటలన్నీ ఒక్కసారిగా కనిపిస్తాయి. ఈ ప్రాంతంలో ఒక్క దారే ఎంచుకోమంటే ఇదే.

ఉత్తరాన దిజోన్ వైపు మాత్రం డి 974 జోలికి పోకండి. ఊళ్ల మధ్యగా పోయే డి 122 చాలా నయం.

అల్సాస్: తొక్కనివాళ్లు కూడా వెంట ఉంటే

ఇంట్లో ఒకరికి సైకిల్ మోజు, మిగతావాళ్లకు లేదు అనుకోండి. అప్పుడు అల్సాస్‌కు సాటి లేదు. కోల్మార్‌లో మకాం పెడితే తొక్కేవాళ్లు తొక్కుతారు, మిగిలినవాళ్లు రైల్లోనో బస్సులోనో వచ్చి ఊళ్లలో కలుస్తారు. పారిస్ నుంచి స్త్రాస్‌బూర్‌కు టీజీవీలో రెండు గంటల లోపే, అక్కడి నుంచి కోల్మార్‌కు టీఈఆర్‌లో సుమారు అరగంట.

కార్ల కోసం 1953లో ఏర్పాటు చేసిన వైన్ రోడ్డు సుమారు 170 కి.మీ. సైకిల్ మార్గం వేరు. మార్లెన్‌హైమ్ నుంచి థాన్ దాకా సుమారు 130 కి.మీ., ఐరోపా దూర సైకిల్ మార్గాల్లో ఒకటైన యూరోవెలో 5లో భాగం. రిబోవిలే, రిక్‌విర్, కైజెర్స్‌బెర్, ఎగీస్‌హైమ్ దాదాపు వరుసగా వస్తాయి. ఏ ఒక్క ఎక్కుడూ పెద్దది కాదు గానీ, ప్రతి ఊరికీ దిగి మళ్లీ ఎక్కాలి. 45 కి.మీ. అయ్యేసరికి కాళ్లకు తెలుస్తుంది. ఊళ్ల లోపల రాళ్ల పరుపు ఉంటుంది. తడిసిందా, దిగి నడిపించుకోవడమే మేలు. రిక్‌విర్‌లో జూలై, ఆగస్టుల్లో పదకొండు దాటితే నడవడానికే సందు ఉండదు. ఎనిమిదికే ఆ ఊరు దాటేయండి.

వోజ్ కొండలు పడమటి మేఘాలను అడ్డుకోవడం వల్ల కోల్మార్‌లో వాన తక్కువ. ఫ్రాన్స్‌లో బాగా పొడిగా ఉండే నగరాల్లో అది ఒకటి. వానకు భయపడేవాళ్లకు ఇది పెద్ద విషయమే.

ఎక్కాలన్న కోరిక ఉంటే కొండలు పక్కనే ఉన్నాయి: బొనోమ్ కనుమ 949 మీ., మ్యున్‌స్తేర్ పైన ష్లుఖ్త్ కనుమ 1139 మీ. అయితే శిఖరాల రోడ్డుపై ఎండాకాలం వారాంతాల్లో మోటార్‌సైకిళ్ల రొద విపరీతం. మంగళ, బుధవారాలకు వాయిదా వేసుకోండి.

బోర్డో: పేరుకు ఒకటి, తొక్కడానికి ఒకటి

మార్గో, పొయ్యాక్ లాంటి పెద్ద పేర్లన్నీ మెదోక్‌లో, డి 2 రోడ్డు వెంట ఉన్నాయి. ఆ రోడ్డు చదునుగా, తిన్నగా ఉంటుంది, వేగంగా పోయే వాహనాలు ఎక్కువ. సైకిల్ యాత్రకు దాన్ని సిఫారసు చేయలేం. షాతోలు, అంటే వైన్ చేసే పెద్ద తోటల భవంతులు చూడాలంటే కారులో పోయి చూసి రండి.

తొక్కడానికి మంచిది గరోన్, దొర్దోన్ నదుల మధ్యనున్న ఆంత్ర్-ద-మేర్. 1937 టూర్ ద ఫ్రాన్స్ విజేత రొజే లాపేబీ పేరు పెట్టిన దారి బోర్డో శివార్లలోని లాత్రెన్ మీదుగా, క్రెయోన్ గుండా సోవ్‌తేర్-ద-గ్వియెన్ దాకా పాత రైలు మార్గం మీద పోతుంది. బోర్డో నుంచి సుమారు 55 కి.మీ. కార్లు రావు. రైలు కోసం వేసిన వాలు కాబట్టి పిల్లలు కూడా ఎక్కేస్తారు. చెట్ల నీడ ఉంటుంది. ఆ చెట్ల వేళ్లే అక్కడక్కడ తారును పైకి లేపాయి, కాబట్టి పిల్లలను కూర్చోబెట్టిన సైకిల్ అయితే నిదానం. దారిలో సొరంగం ఉంది, పగలైనా లైటు పెట్టుకోండి.

దీనికున్న లోటు రెండో చివర. సోవ్‌తేర్‌లో ఇప్పుడు రైలు లేదు. వచ్చిన దారినే వెనక్కి తొక్కాలి, లేదా సుమారు 14 కి.మీ. దక్షిణాన లా రెయోల్ స్టేషన్‌కు పోవాలి. ఆ చివరి ముక్కలో రోడ్డు మీదే నడపాలి, చిన్న ఎక్కుళ్లూ ఉన్నాయి. పిల్లలతో వెళ్లేవాళ్లు క్రెయోన్ దాకా వెళ్లి తిరిగొస్తే సరిపోతుంది.

ఇంకో మాట. ఈ దారి పొడవునా కనిపించేది ఎక్కువగా చెట్లే, తోటలు కాదు. తోటలు చూడాలంటే లా సోవ్ మజోర్ మఠం దగ్గర దారి దిగి, చుట్టూ ఉన్న తెల్ల రోడ్లలో ఓ పది కిలోమీటర్లు తిరగాలి. 1999లో యునెస్కో జాబితాలో చేరిన సాంతెమిలియోన్‌కు వేరే రోజు రైల్లో పోవచ్చు. స్టేషన్ ఊరికి ఒకటిన్నర కి.మీ. దూరం. ఊళ్లో రాళ్ల వీధులు నిటారుగా ఉంటాయి, సైకిల్‌ను ఊరి కిందే తాళం వేసి ఉంచి నడవండి.

లువార్: కొత్తగా తొక్కేవాళ్లకు, పెద్దవాళ్లకు

లువార్ నది వెంట సైకిల్ మార్గం మొత్తం సుమారు 900 కి.మీ. తోటల కోసమైతే సోమ్యూర్ నుంచి కాంద్-సాంమార్తాఁ మీదుగా షినో వరకు, సుమారు 30 కి.మీ. ముక్క చాలు. మెత్తటి తెల్లరాయి కొండను తొలిచి చేసుకున్న ఇళ్లు, వైన్ నిల్వచేసే గుహలు దారి పక్కనే. సూజే-షాంపీన్యి దగ్గర దారి ఆ గుహల మధ్యనుంచే పోతుంది. ఎక్కుడు లేదు, దారి తప్పే భయమూ లేదు. సైకిల్ ఉంచడానికి వీలున్న బసలకు "అక్కేయ్ వెలో" గుర్తు ఉంటుంది.

గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది కాబట్టి పడమర నుంచి తూర్పుకు తొక్కండి. కొన్నిచోట్ల కంకర దారి ఉంటుంది, 25 మిల్లీమీటర్ల టైరుతో వెళ్తే ఇబ్బందే. శీతాకాలంలో నది పొంగితే ఒడ్డు దారులు మునుగుతాయి. రోజుకు వంద కి.మీ. తొక్కే రోడ్ సైక్లిస్టులకు మాత్రం ఇది రెండో రోజుకే విసుగు పుట్టిస్తుంది.

బోజోలె: ఎవరూ పెద్దగా చెప్పని చోటు

రోడ్ సైకిల్ మీద నిజమైన మమకారం ఉన్నవాళ్లు అడిగితే చెప్పవలసింది బోజోలె. బుర్గున్యికి దక్షిణాన, లియోన్‌కు ఉత్తరాన. ఫ్లోరీ, మోర్గోన్, షిరూబ్ల్, జూలియెనా ఊళ్ల మధ్య సన్నటి రోడ్లు అల్లుకుపోయి ఉంటాయి. పక్కపక్కనున్న రెండు ఊళ్లకు మూడు దారులు దొరుకుతాయి, మూడూ ఖాళీయే. కాంక్రీటు పలకలు లేవు, తారే. నేల గ్రానైటు. గ్రానైటు ఇసుక వానకు రోడ్డెక్కి మలుపుల్లో బంతుల మీద నడిచినట్టు జారుతుంది.

చదును అన్నది లేదు. ఫ్లోరీ, షిరూబ్ల్ మీదుగా ఫ్యు దావెనా కనుమ సుమారు 740 మీ. ఎత్తుకు చేరుస్తుంది. మోఁ బ్రూయి చిన్న కొండే, కానీ చివరి 3 కి.మీ. సగటున 7.7 శాతం వాలు. 2017లో పారిస్-నీస్ సైకిల్ పోటీలో ఒక్కొక్కరు విడిగా తొక్కే టైమ్ ట్రయల్‌ను దాని మీదే ముగించారు. ఆ రోజు గెలిచింది ఫ్రెంచి సైక్లిస్టు జూలియాఁ అలఫిలిప్.

లోటు మకాం విషయంలో. రైలు లోయలోని బెల్‌విల్‌లో ఆగుతుంది, మంచి దారులన్నీ పైన ఉన్నాయి. ఊళ్లలో హోటళ్లు తక్కువ, ముందే మాట్లాడుకోవాలి. కారు అద్దెకు తీసుకునేవాళ్లకు ఈ బాధ లేదు.

దాంతెల్, వాంతూ: ఎక్కడమే పనిగా వెళ్లేవాళ్లకు

దక్షిణ ఫ్రాన్స్‌లోని వాంతూ శిఖరం 1910 మీ. బెదోయిన్ వైపు నుంచి 21 కి.మీ., సగటు వాలు సుమారు 7.5 శాతం. మొదటి ఐదారు కి.మీ. తోటల మధ్య తేలిగ్గా పోతుంది, అక్కడ మోసపోయి వేగంగా తొక్కినవాళ్లు అడవిలోకి వెళ్లాక కూలబడతారు. తోటల అందం కోసమైతే వాంతూ కన్నా పక్కనున్న దాంతెల్ కొండల చుట్టూ తిరగడం మేలు: మలోసెన్, సూజెత్, బోమ్-ద-వెనీజ్, వకేరాస్, జిగోందాస్, సేగ్యురే, వేజోన్, మళ్లీ మలోసెన్. 50 కి.మీ. పైచిలుకు.

ఇక్కడ ప్రణాళికను తలకిందులు చేసేది మిస్త్రాల్ గాలి. ఉత్తరం నుంచి రోజుల తరబడి కొడుతుంది. అది లేచిన రోజు వాంతూ శిఖరం మాట మరచిపోవాలి, లోతైన రిమ్ చక్రాలు అద్దెకు తీసుకోకూడదు. శీతాకాలంలో శిఖరం రోడ్డు మంచుకు మూసేస్తారు. జూలై, ఆగస్టుల్లో ఎండ 35 డిగ్రీలకు చేరుతుంది, విజయవాడ మే నెల అలవాటున్నవాళ్లు కూడా పదికల్లా తొక్కడం ముగించాలి. కార్పాంత్రాస్ దాకా ఆవిన్యోన్ నుంచి 2015లో రైలు మళ్లీ మొదలైంది, ఆపైన సైకిలే.

రెండింటి మధ్య తేల్చుకోలేకపోతే

బుర్గున్యి, అల్సాస్ మధ్య సందేహం ఉంటే వెంట వచ్చేవాళ్లను చూసుకోండి. ఇద్దరూ తొక్కుతారంటే బుర్గున్యి. లువార్, లాపేబీ మధ్యనైతే రోజుల సంఖ్య చూడండి. రెండు రోజులే ఉంటే బోర్డో, నాలుగు దాటితే లువార్. బోజోలె, వాంతూ మధ్యనైతే నెల: జూలై, ఆగస్టుల్లోనే సెలవులు దొరికితే బోజోలె, నిస్సందేహంగా.

సైకిల్, గేర్లు, గాలి

అద్దె సైకిల్‌కు 28 మి.మీ. టైర్లు అడగండి, లువార్‌కు 32. 70 కిలోల మనిషికి 28 టైరులో ముందు 65, వెనక 72 పీఎస్ఐ గాలి ఒత్తిడి దగ్గర మొదలుపెట్టి సర్దుకోండి. కాంక్రీటు అతుకులు మరీ కొడుతుంటే ఐదేసి తగ్గించండి. గేర్లు ముందు 50/34, వెనక 11–34 పళ్లు ఉంటే ఈ ఆరు ప్రాంతాల్లో ఎక్కడైనా నెగ్గుకొస్తారు. ట్యూబులు రెండు ఉంచుకోండి. జనవరి నుంచి మార్చి దాకా కొమ్మలు కత్తిరించే కాలంలో తీగ ముక్కలు డొంకల్లో పడి ఉంటాయి. అవి గుచ్చుకుంటే టైరు లోపల వేలితో తడిమి తీయకుండా కొత్త ట్యూబు వేస్తే అదీ వెంటనే పోతుంది.

అద్దెకు తీసుకునేటప్పుడే బ్రేకు లీవర్లు నొక్కి చూడండి. ఫ్రాన్స్‌లో ఎడమ లీవర్ ముందు చక్రానికి, కుడిది వెనక చక్రానికి. మన దగ్గర ఎక్కువ సైకిళ్లకు కుడి లీవరే ముందు బ్రేకు. అలవాటుగా ఎడమ చేత్తో గట్టిగా నొక్కితే దిగుట్లో ముందుకు పల్టీ కొడతారు. దుకాణంలో అడిగితే కేబుల్ బ్రేకులైతే మార్చి ఇస్తారు, హైడ్రాలిక్ అయితే కష్టం. దానికి తోడు రోడ్డుకు కుడివైపున తొక్కాలి. పొద్దున్నే ఖాళీ డొంకలోకి మొదటిసారి తిరిగినప్పుడే మనవాళ్లు ఎడమకు పోతారు. గుర్తు ఏదీ లేని కూడలిలో కుడి నుంచి వచ్చేవారికి దారి ఇవ్వాలి. ట్రాక్టరు దారి నుంచి వస్తున్నా సరే, ఆగడమే మంచిది.

చెవిలో ఇయర్‌ఫోన్లు నిషేధం. 12 ఏళ్ల లోపు పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి. రాత్రి, లేదా వెలుతురు సరిగా లేనప్పుడు ఊరి బయట మెరిసే జాకెట్టు వేసుకోవాలి. మద్యం పరిమితి సైకిలిస్టుకూ వర్తిస్తుంది, లీటరు రక్తానికి 0.5 గ్రాములు. రుచి చూసేచోట ఉమ్మడానికి పాత్ర పెడతారు, వాడుకోవడం మర్యాదే. సీసాలు కొంటే బసకు పంపమని అడగండి.

తిండి, నీళ్లు

పల్లెల్లో బేకరీలు మధ్యాహ్నం పన్నెండున్నర, ఒంటిగంటకు మూసి మూడు తర్వాత తెరుస్తాయి. సోమవారం చాలా ఊళ్లలో అసలు తెరవవు. ఆదివారం సాయంత్రమూ అంతే. రెస్టారెంట్లలో మధ్యాహ్న భోజనం పన్నెండు నుంచి ఒకటిన్నర లోపు అడగాలి. రెండు గంటలకు వెళ్తే పెట్టరు, బతిమాలినా లాభం లేదు. నీళ్లకు ఊరి శ్మశానం దగ్గర కుళాయి వెతకండి, దాదాపు ప్రతి ఊళ్లో ఉంటుంది. "నోన్ పొతాబ్ల్" అని రాసుంటే తాగకూడదు.

శాకాహారులకు అల్సాస్‌లో ఉల్లిపాయ, క్రీముతో కాల్చే పల్చటి రొట్టె "తార్త్ ఫ్లాంబే" పనికొస్తుంది. అందులో పంది మాంసం ముక్కలు వేయడం ఆనవాయితీ కాబట్టి "సాఁ లార్దోఁ" అని ముందే చెప్పాలి. లువార్‌లో మేక పాల చీజ్ సలాడ్ ఎక్కడైనా దొరుకుతుంది. ఫ్రెంచి చీజ్ చాలావరకు పశువుల కడుపు నుంచి తీసిన తోడుతోనే చేస్తారు, కచ్చితంగా పాటించేవాళ్లు అడిగి తినండి. బుర్గున్యి, బోజోలె పల్లెల్లో శాకాహారం వెతుక్కోవాలి. అక్కడ వంటగది ఉన్న బస తీసుకుని, బియ్యం, పప్పు, కారం పొట్లం వెంట పెట్టుకోవడం నయం.

రైల్లో సైకిల్

టీఈఆర్‌లో సైకిల్ ఎక్కువగా ఉచితమే. కానీ లువార్ లాంటి చోట్ల ఎండాకాలం రిజర్వేషన్ అడుగుతారు. టీజీవీలో విప్పి సంచిలో పెడితే 130×90 సెంటీమీటర్ల లోపు ఉండాలి. విప్పకుండా తీసుకెళ్లాలంటే అందుకు చోటున్న రైలు చూసి, టికెట్‌తో పాటే సైకిల్‌కూ చోటు కొనాలి. స్థలాలు కొన్నే ఉంటాయి, టికెట్లు తెరిచిన రోజే కొనేయండి. సొంత సైకిల్ విమానంలో తీసుకెళ్లే ఆలోచన ఉంటే వాంతూ, బోజోలెలకు మాత్రమే చేయండి, మిగతా నాలుగు చోట్ల అద్దె సైకిల్ చాలు.